ముక్కు తడవని మకరం

మూడు పగళ్ళు కొండ ఎక్కి, దారిలో ముళ్ళపొదలకు పైపంచె సగం సమర్పించుకుని, పొన్నలంక పడవవాడు తిప్పన ధూమగిరి శిఖరం మీద కాలు పెట్టేసరికి సూర్యుడు అప్పుడే తూర్పున తొంగిచూస్తున్నాడు. అరికాళ్ళు బొబ్బలెక్కాయి. ఆకలికి కళ్ళు తేలిపోతున్నాయి. అయినా ఎదుట ఉన్నది చూశాక అతనికి ఆకలి సంగతి గుర్తు రాలేదు.

సరస్సులు మామూలుగా పడుకుని ఉంటాయి. ఇది నిలబడి ఉంది. తాటిచెట్టంత ఎత్తున, గట్టూ గోడా ఏమీ లేకుండా, నీలాల పలకలా నిలువునా నిలబడి ఉంది. ఉదయపు ఎండ దానిలోంచి వడకట్టుకుని వచ్చి కొండరాళ్ళకు నెమలికంఠపు రంగు పూస్తోంది. పైఅంచున తామరలు విచ్చుకుంటున్నాయి. నడుమ ఎక్కడో ఒక పెద్ద బొచ్చెచేప, మేడ కిటికీలోంచి వీధిని చూసే ఇల్లాలిలా, తిప్పనవంక తీరుబడిగా చూసింది.

ఆ నీటికంతకూ అడ్డం ఒకే ఒక్క అరచెయ్యి. ఆ చెయ్యి మాయావి కపిలజటుడిది. ఎర్రని జడలు మోకాళ్ళదాకా దిగాయి. ఎత్తిన కుడిచేతి మోచేతిమడతలో పిచ్చుకలు గూడు కట్టుకున్నాయి. తిప్పన దండం పెడితే ఆయన ఎంతో మర్యాదగా, "రా నాయనా, కూర్చో. లేచి ఎదురు రాలేను, ఏమీ అనుకోకు" అన్నాడు.

ఆయన కథ తమాషాగా ఉంది. నలభై ఏళ్ళ కిందట మరొక మాయావితో పందెం వేశాడట. ఈయన సరస్సు ఎత్తి పట్టుకోవాలి, ఆయన పక్కకొండ ఎత్తి పట్టుకోవాలి, ముందు దించినవాడు ఓడినట్టు. మూడో ఏట ఆ రెండోవాడు కొండతోపాటు కూలి కాలం చేశాడు. పోతూ పోతూ ఓడిపోయానని ఒక్క మాట అనలేదు. అంచేత పందెం ఇంకా నడుస్తూనే ఉంది. ఈలోగా ఊటలన్నీ చేరి సరస్సు పదింతలైంది, పట్టే చెయ్యి మాత్రం అదే ఒక్కటి.

ఆ చెయ్యి ఏడాదికింత చొప్పున దిగుతోంది. ఇవాళ మిట్టమధ్యాహ్నానికి భుజం దాటుతుంది. దాటాక ఆగదు. కొండ కిందుగా పారే చిత్రవేణీ నది ఈ సరస్సునంతా ఒక్కసారిగా నెత్తిన వేసుకుని దిగువకు పరుగెత్తుతుంది.

ఈ ముక్క కపిలజటుడు దాచుకోలేదు. ఖాళీగా ఉన్న ఎడంచేత్తో కలధౌతపురం ఆస్థానానికి ఎనిమిది లేఖలు రాసి కొంగచేత పంపాడు. మొదటిదానికి, మాయల వ్యవహారం తమ శాఖది కాదని జవాబు వచ్చింది. నాలుగోదానికి, సరస్సు పొడవు వెడల్పులు జానల్లో కాక మూరల్లో రాసి పంపమని వచ్చింది. ఎనిమిదోదానికి, తమ లేఖ అందినది, పరిశీలనలో ఉన్నది, ఈలోగా చెయ్యి దించవలదని వచ్చింది. తొమ్మిదో లేఖ పట్టుకున్న కొంగ ఇక కోటవైపు వెళ్ళనని మొరాయించి, పొన్నలంక రేవులో తనను చూసి నవ్విన మొదటి మనిషి పడవలో వాలింది. ఆ మనిషి తిప్పన. లంకలో బడి పంతులు ఆ లేఖ చదివి వినిపించాక, నిజమో కాదో కళ్ళతో చూద్దామని కొండెక్కాడు.

"చూశావుగా. ఇక పోయి మీవాళ్ళని మెరకకి ఎక్కమను" అన్నాడు కపిలజటుడు.

తిప్పన తల గోక్కున్నాడు. అసలు చిక్కు అక్కడే ఉందనీ, తమ రాజ్యంలో వరద వస్తోందని చాటే మేఘభేరి మోగకుండా ఊరు విడిచినవాడు శాశ్వతంగా ఊరొదిలిపోయినట్టే లెక్కనీ, వాడి నేలంతా రాజుగారి పరమవుతుందనీ చెప్పుకొచ్చాడు. పొన్నలంకలో మూడువందల గడప ఉంది. అందరికీ ఆ ఇసుకమేట మీది దోసపాదులూ పొగాకుమళ్ళే ఆధారం. తిప్పన భార్య వెంగమ్మ బాలింత. ఇరవైరోజుల ఆడపిల్ల ఒడిలో ఉంది, ఇంకా పేరు పెట్టలేదు. ఉత్తరం విన్నాక ఆవిడ అన్న మాట ఇది: "మావా, నీళ్ళొస్తే ఈదుతాం. భేరి మోగకుండా లేస్తే ఈ పిల్లకి కాలు మోపే చోటుండదు. ముందు నువ్వెళ్ళి ఆ భేరి సంగతి చూడు."

"గాలిని కట్టాను, నీటిని నిలబెట్టాను. శాసనం రాసిన తాటాకుముక్కతో మూడువందల కుటుంబాల్ని వరదలో కట్టిపడేసే విద్య మాత్రం నాకెవరూ నేర్పలేదు" అన్నాడు మాయావి. తర్వాత కొంచెం సిగ్గుపడుతూ, వీపు మధ్య నలభై ఏళ్ళుగా ఒకచోట దురద పెడుతోందనీ, తన చెయ్యి అందదనీ చెప్పాడు.

తిప్పన గోకాడు. కొంచెం పైన అంటే పైన, కొంచెం ఎడమకి అంటే ఎడమకి. ఆ మహామాయావి కళ్ళవెంట నీళ్ళు జలజలా కారాయి. సరస్సు కూడా ఒక్కక్షణం తొణికింది.

"ఇదిగో, నా పావుకోళ్ళు తొడుక్కో. ఆకాశమార్గాన పోతాయి" అన్నాడు ఆయన. "కుడిదానిలో మహిమ చచ్చిపోయింది. ఎడమది బాగానే ఉంది. కాస్త సర్దుకో."

*

ఒంటికాలి మీద ఆకాశంలో ప్రయాణం ఎలా ఉంటుందో తిప్పనకు ఆ పూటే తెలిసింది. ఒక్క గెంతుకు ఒక అడవి దాటాడు. రెండో గెంతులో ఒక గద్ద ఎదురై, తప్పుకోమన్నట్టు అరిచి, చివరికి తనే తప్పుకుంది. ఎడమకాలి పావుకోడు కనుక ఎడమవైపే లాగుతోంది. కలధౌతపురం కుడిచేతివైపు కనబడుతూనే వెనక్కి పోయింది. రెండు ఆమడల దూరం అనవసరంగా దిగువకు గెంతి, పొన్నలంక నెత్తిన గాలిలో ఒక చుట్టు తిరిగాడు.

కింద వాకిట్లో వెంగమ్మ పిల్లకు నలుగుపెడుతోంది. నీడ పడితే తలెత్తి చూసింది. మొగుడు ఆకాశంలో కుంటుతున్నాడు. ఆవిడ కొత్తగా కాపురానికి వచ్చిననాటి నుంచి తిప్పన ఏదో ఒకటి చేస్తూనే ఉన్నాడు కనుక పెద్దగా ఆశ్చర్యపోలేదు. అతను "మధ్యాహ్నం" అని అరిస్తే సరేనన్నట్టు తల ఊపి, పిల్లను గబగబా తుడిచి చంకనెత్తుకుని ఇరుగింటివైపు నడిచింది.

మరో రెండు గెంతుల్లో తిప్పన కలధౌతపురం కూరగాయల అంగడిలో, గుమ్మడికాయల రాశి మీద దిగాడు. పావుకోడు రెండు ముక్కలైంది. గుమ్మడికాయల అవ్వ నాలుగు తిట్టి, తర్వాత మొహం చూసి జాలిపడి, రాత్రి మిగిలిన రాగిసంకటి ముద్దొకటి చేతిలో పెట్టింది. అది తింటూనే కోటవైపు పరుగెత్తాడు.

కలధౌతపుర వైభవం చూసి తీరవలసిందే. వెండిరేకు తాపిన గోపురాలు ఎండలో పాలుపొంగినట్టు మెరుస్తున్నాయి. ఏడంతస్తుల రాజసౌధం ముందు చిత్రవేణి మెత్తగా, ఏమీ ఎరగనట్టు పారుతోంది. నదిలోకి నలభై మెట్ల రేవు. రేవు పైగట్టున రాతికమాను. కమాను కింద రాగితో పోతపోసిన మేఘభేరి, రెండు బండిచక్రాలంత వెడల్పున, ఏడు బొంతలు కప్పుకుని వేలాడుతోంది. అంతలో సౌధం పైనుంచి చాటింపువాడి గొంతు వినబడింది: "మకరం ముక్కు పొడిగా ఉంది. ప్రజలు నిశ్చింతగా ఉండవచ్చు."

ఆ మాట విని నిశ్చింతగా ఉన్నవాళ్ళలో అందరికన్నా నిశ్చింతగా ఉన్నవాడు జలమంత్రి స్థిరబుద్ధి. ఆయన చెడ్డవాడు కాడు. ఎండనపడి వచ్చిన పడవవాణ్ణి చూడగానే అల్లం, కరివేపాకు వేసిన మజ్జిగ ఇప్పించాడు. తన చేత్తోనే విసనకర్ర విసిరాడు. అంతా విన్నాక, ఇరవై ఒక్క ఏళ్ళుగా రాజ్యంలో వరదన్నదే లేదని ఎంతో ఓపికగా వివరించాడు. నాలుగేళ్ళ కిందట పొన్నలంకలో నలభై ఇళ్ళు కొట్టుకుపోయాయి కదా అని తిప్పన అడిగితే బాధగా నిట్టూర్చాడు. పోవడం నిజమేననీ, అయితే ఆ ఏడు కూడా మకరం ముక్కు పొడిగానే ఉంది కనుక వరదలో పోలేదనీ, ఇళ్ళు వేరే కారణం చేత కదిలి ఉంటాయనీ అన్నాడు. వెళుతూంటే మరో చెంబు మజ్జిగ కూడా ఇప్పించాడు.

బయటకు వచ్చిన తిప్పన నీడవంక చూసుకున్నాడు. మూరెడే ఉంది.

రేవు కమాను కింద, భేరి పక్కన, భేరిపాలకుడు ఓబులయ్య కుంపటి విసురుతూ కూర్చున్నాడు. డెబ్భై ఏళ్ళుంటాయి. ఇరవై ఒక్క ఏళ్ళుగా ఆ భేరిని ఎవరూ కొట్టనివ్వలేదు. అయినా ఆయన రోజూ పొద్దున్నే బొంతలు పైకెత్తి, తోలును నిప్పుసెగకు కాచి, ఆముదం రాసి, మళ్ళీ కప్పుతాడు. ఎందుకు తాతా అని తిప్పన అడిగితే, తోలు బిగిసిపోతే పాపం దానికి నొప్పిగా ఉండదా అన్నాడు. మకరం సంగతి చెప్పిందీ ఆయనే.

పూర్వం ఒక మంచి రాజు రేవులో అన్నిటికన్నా కిందిమెట్టు మీద రాతిమొసలిని పెట్టించాడట. దాని ముక్కు తడిస్తే భేరి కొట్టాలని శాసనం. భేరి మోగకుండా వరద వస్తే, కడపటి కుటుంబం గట్టెక్కేదాకా జలమంత్రి మెడలోతు నీళ్ళలో నిలబడాలని కూడా అందులోనే ఉంది. శాసనం మార్చే అధికారం ఎవరికీ లేదు. మొసలిని జరపకూడదని మాత్రం ఎవరూ రాయలేదు. ముక్కు తడవనంతకాలం వరద రానట్టే లెక్క కనుక ప్రతి జలమంత్రీ, అంతటి మాన్యురాలు మెట్టు మీద పడి ఉండటం మర్యాద కాదంటూ, మేళతాళాలతో పల్లకీలో ఒక మెట్టు పైకి చేర్చాడు. నలభై మెట్లూ అయిపోయాయి. ఆపైన సౌధం అంతస్తులు మొదలుపెట్టారు. ఇప్పుడది ఏడో అంతస్తు కప్పుమీద ఉంది. వానచినుకు పడి ముక్కు తడవకుండా పన్నెండుమంది భటులు వంతులవారీగా గొడుగు పడతారు.

"ముక్కు తడిస్తే?" అని అడిగాడు తిప్పన.

"తడిస్తే నేను మంత్రినీ అడగను, రాజునీ అడగను" అన్నాడు ఓబులయ్య. "కొట్టడమే."

తిప్పన నదివైపు చూశాడు. ఏడో అంతస్తువైపు చూశాడు. నది అక్కడిదాకా ఎక్కాలంటే రాజ్యంలో ఒక్క కొబ్బరిమట్ట కూడా మిగలదు. అంచేత నదినే తీసుకుపోదామనుకున్నాడు. ఓబులయ్య గొంగడి కప్పుకుని, కుంపటి బూడిద నుదుట పూసుకుని, అంగడిలో ఎడ్లమెడ గంటలు రెండు బతిమాలి తెచ్చుకుని మెడలో వేసుకున్నాడు. ముంతతో నదినీళ్ళు ముంచుకున్నాడు. కప్పుమీదికి పోయే మెట్లదగ్గర కాపలావాడు ఎవరని అడిగితే, పశువుల వైద్యుణ్ణని చెప్పాడు.

*

ప్రతిరోజూ మధ్యాహ్నానికి ముందు ప్రశాంతవర్మ మహారాజు స్వయంగా కప్పుమీదికి వచ్చి, పట్టురుమాలుతో మకరం ముక్కు అద్ది, పొడిగా ఉందని ప్రకటించడం ఆచారం. చూడవచ్చిన జనం తాళ్ళకు ఇవతల నిలబడతారు. ఆ రోజు రాజు రుమాలు ఎత్తి చూపగానే జనమంతా చప్పట్లు కొట్టారు. ఒక్క పశువులవైద్యుడు మాత్రం నాలుక చప్పరించి, చచ్చిన పశువును చూసినట్టు తల అడ్డంగా ఊపాడు.

రాజు చూశాడు. మంచి మనిషి, ఎవరు తల ఊపినా కలవరపడతాడు. దగ్గరికి రమ్మని, ఎందుకలా ఉన్నావని అడిగాడు.

"ఏలినవారి పశువు ముట్టె ఎన్నాళ్ళుగా ఎండి ఉంది ప్రభూ?" అన్నాడు తిప్పన.

"ఇరవై ఒక్క ఏళ్ళు" అన్నాడు రాజు గర్వంగా.

తిప్పన కళ్ళు మూసుకున్నాడు. "మా ఊళ్ళో బర్రె ముట్టె ఒక్కపూట ఎండితేనే జ్వరమని మేత మాన్పించి కషాయం పోస్తాం. చెమ్మ లేని ముట్టె ఆరోగ్యం కాదు ప్రభూ. నమ్మకపోతే తమరే ఒంటిమీద చెయ్యి వేసి చూడండి."

గొడుగు నీడ ముక్కుకే సరిపోతుంది. మిగతా మొసలి పొద్దుటినుంచి ఎండలో పడి ఉంది. రాజు దాని వీపు మీద చెయ్యి వేసి, చటుక్కున తీసేసుకున్నాడు. కాలిపోతోంది అన్నాడు. ఇన్నేళ్ళుగా తాను రోజూ వచ్చి ముక్కు తుడిచి పోతున్నాడే తప్ప, ఒంట్లో ఎలా ఉందని ఒక్కనాడు అడగలేదు.

జలమంత్రి జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. ఇది ఉత్త రాయి అనీ, రాయికి జ్వరమేమిటనీ అన్నాడు.

"రాయా?" అన్నాడు రాజు. "దీనికి పన్నెండుమంది పరివారం కావాలన్నదెవరు? నిరుడు ఉగాదికి దీనికి పట్టుబట్టలు పెట్టిందెవరు? దీని ముక్కు చెప్పిందనేగా నాలుగేళ్ళ కిందట వరద లేదన్నావు? ఉత్తరాయి మాట నేను ఎందుకు విన్నట్టు?"

రాయి అంటే ఇరవై ఒక్క ఏళ్ళ పొడిముక్కుకు అర్థం లేకుండా పోతుంది. ప్రాణి అంటే మందు పట్టాలి. మంత్రి వైద్యులతో ఒక మండలి వేసి ఆరునెలల్లో నివేదిక తెప్పిద్దామన్నాడు. ఆరునెలలు ఈ జ్వరం దింపకుండా ఉంచుతావా అన్నాడు రాజు. పోనీ ముక్కు వదిలేసి తోక తడుపుదామన్నాడు మంత్రి. కషాయం తోకకు పోసే వైద్యం తమ ఊళ్ళో లేదని తిప్పన వినయంగా చెప్పాడు. నీడ పాదాల కిందికి ముడుచుకుపోతోంది.

మహారాజు ఇక ఎవరినీ అడగలేదు. ముంత అందుకుని, మొసలి తలను ఎడంచేత్తో పొదివి పట్టుకుని, పసిబిడ్డకు ఉగ్గు పట్టినంత మెల్లగా ముక్కుమీద నీళ్ళు పోశాడు. పన్నెండుమంది భటులు గొడుగు వదిలేసి నోళ్ళు తెరిచారు. ముక్కు తడిసింది. చుక్క జారి గడ్డం మీదికి కూడా వచ్చింది. జనంలో ఎవరో ఆ సంగతి మెట్లమీది వాళ్ళకు చెప్పారు, వాళ్ళు కిందివాళ్ళకు చెప్పారు, అది రేవుదాకా వెళ్ళింది.

ఓబులయ్య అప్పటికే ఆరు బొంతలు విప్పేశాడు.

మేఘభేరి మోగింది. వెండిరేకులు గలగలలాడాయి. అంగడిలో ఎడ్లు ముంగాళ్ళమీద కూలబడ్డాయి. నగరంలో సగంమందికి ఆ చప్పుడేమిటో తెలియదు. ఎవరిదో పెళ్ళి కాబోలని వీధుల్లోకి వచ్చి చూశారు. పల్లపుపేటలో బుట్టలల్లే ముసలమ్మ ఒకతె మాత్రం అల్లుతున్న బుట్ట అక్కడే పెట్టి, పక్కింటి గుడ్డాయన చెయ్యి పట్టుకుని కోటగుట్టవైపు నడిచింది. ఆమె నడక చూసి మరొకరు, వాళ్ళను చూసి పేటంతా కదిలింది.

తిప్పన మెట్లన్నీ దిగి రేవుకు వచ్చేసరికి, వెనకే రొప్పుతూ వచ్చిన జలమంత్రి మరో సంగతి చెప్పాడు. ఈ చప్పుడు అర ఆమడ దాటి వినబడదు. పూర్వం నది పొడుగునా పన్నెండు ఠాణాలుండేవి. ఒక ఠాణా భేరి విని రెండో ఠాణావాడు కొట్టేవాడు. అలా కబురు పొన్నలంక దాటి సముద్రందాకా పోయేది. వరదలే లేవు కదా అని పదకొండేళ్ళ కిందట ఠాణాలు ఎత్తేశారు.

"ఆ పన్నెండుమంది ఏమయ్యారు?" అన్నాడు తిప్పన.

మంత్రి పైకి చూశాడు. కప్పుమీద పన్నెండుమంది గొడుగువాళ్ళు కిందికి తొంగిచూస్తున్నారు.

సరిగ్గా అప్పుడే ఉత్తరాన ధూమగిరివైపు నుంచి ఒక మోత వచ్చింది. ఉరుము కాదు. ఉరుము ఒకచోట ఆగుతుంది, ఇది ఆగలేదు. పాపం కపిలజటుడు చెయ్యి దించాడు.

తిప్పన భేరిని కిందినుంచి చూశాడు. పడవవాడి కళ్ళకు అది గుండ్రటి రాగి పుట్టిపడవలా కనబడింది. రాజుగారి భేరి కనుక విరిగితే ఏమిటని ఒక్కక్షణం ఆలోచించి, ఓబులయ్య నడుం దగ్గరి కత్తి లాగి పగ్గాలు కోశాడు. భేరి దభీమని పడి మెట్లు దిగడం మొదలుపెట్టింది. ఒక్కో మెట్టుకూ తనంతట తానే ఒక్కో దెబ్బ మోగుతూ, నలభై మెట్లూ నలభై మోతలుగా దిగి, చిత్రవేణిలో పడి, వెల్లకిలా తేలింది. తిప్పనా ఓబులయ్యా పరుగున వెళ్ళి తోలు బిగించిన చెక్కఅంచు మీద చెరోవైపు ఎక్కారు. మూడోవైపు జలమంత్రి స్థిరబుద్ధి ఉన్నాడు. ఆయన ఎక్కదలుచుకోలేదు. ఏడో బొంతను భేరికి మళ్ళీ కప్పబోయి దాని తాడు చేతికి చుట్టుకున్నాడు. భేరి ఆ తాడుతోపాటు ఆయన్ను కూడా దించింది.

ఎవరో కప్పుమీంచి గొడుగు విసిరేశారు. తిప్పన దాని కర్రను తెడ్డు చేసుకున్నాడు.

*

నది వెనకనుంచి ఉబ్బుతూ వచ్చింది. ముందు దాని ఊపిరి తగిలింది, తడిమట్టి వాసనతో. తర్వాత కెరటం కనబడింది. ఎర్రగా, చెట్లను నెత్తిన పెట్టుకుని, వంపు తిరిగినప్పుడల్లా ఒక గట్టు మింగుతూ వస్తోంది. దానికి కూతవేటు ముందు భేరి గిర్రున తిరుగుతూ పరుగెత్తింది. ఓబులయ్య తిరుగుతూనే కొడుతున్నాడు. ఒకచోట రాయి తగిలి గాలిలోకి లేచి మళ్ళీ పడ్డారు. ఒకచోట గట్టున గొర్రెలకాపరులు మోత విని మందను మిట్టకు తోలడం కనబడింది. మంత్రి కళ్ళు మూసుకుని, ఇది వరదేనా అని అడిగాడు. రెండు ఆమడలూ ముగిసి పొన్నలంక తాడితోపులు కనబడుతున్నాయి.

లంక కొసన అతను చూసిన దృశ్యం ఎవరికి చెప్పినా నమ్మరు. మూడువందల కుటుంబాలు వరసలుగా నిలబడి ఉన్నాయి. తలల మీద మూటలు, చంకల్లో పిల్లలు, కావిళ్ళలో ముసలివాళ్ళు. ఆవులు ముందు, వాటి వెనక దూడలు. అవతలి మెరకదాకా పడవలన్నీ పక్కపక్కన కట్టి, పైన తలుపులు పరిచి వంతెన వేశారు. అంతా సిద్ధం. లంక సరిహద్దుకు సున్నం కొట్టిన రాళ్ళ వరస ఉంది. ఆ రాళ్ళకు ఇవతల అందరి కాలివేళ్ళూ బారుగా ఆగి ఉన్నాయి. ఒక మేక వరస దాటబోతే చెవి పట్టుకుని వెనక్కి లాగారు. పొద్దున వెంగమ్మ ఇంటింటికీ తిరిగి ఇంత పనీ చేయించింది. మిగిలింది ఒక్క దెబ్బ. అది మాత్రం రాజుగారిది కావాలి.

ఓబులయ్య కొట్టాడు.

ఎవరూ కదల్లేదు. బడి పంతులు అరచెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుని, రాజముద్ర ఉన్నదో లేదో చూశాడు. భేరి మీద ముద్ర ఉంది. పక్కన ముద్రఉంగరంతో సహా జలమంత్రి ఉన్నాడు. పంతులు తల ఊపాడు. మూడువందల కుటుంబాలూ ఒక్క అడుగు వేసి రాళ్ళు దాటాయి. భేరి లంక కొసన సుడిలో పడి తిరుగుతున్నంతసేపూ ఇక ఆగలేదు. తొక్కిడి లేదు, అరుపు లేదు. ఎవరో ముసలాయన చెప్పు జారిపోతే వెనకవాడు వంగి తీసి అందించాడు కూడా. కెరటం తాడితోపును తాకేసరికి కడపటి దూడ మెరక ఎక్కింది.

ఆఖరున వంతెన దాటింది వెంగమ్మ. పిల్ల గుండెల మీద పాతచీరతో కట్టి ఉంది. మెరక అంచున నిలబడి వెనక్కి తిరిగింది. సుడి వదిలిన భేరి సరిగ్గా ఆవిడ ముందునుంచే, చెయ్యి చాస్తే అందేంత దగ్గరగా పోతోంది. తిప్పన గొడుగుకర్ర పడేసి లేచాడు. ఒక్క దూకు చాలు.

"దూకకు మావా" అంది వెంగమ్మ. గొంతు పెంచలేదు, అయినా ఆ హోరులో వినబడింది. "కింద ఇంకా పదకొండు ఊళ్ళున్నాయి. పొద్దున్నే కబురంపాను. వాళ్ళూ రాళ్ళ దగ్గరే నిలబడి ఉంటారు."

తిప్పన కూర్చున్నాడు. పిల్ల నిద్రపోతోంది. అంతమాత్రం చూడగలిగాడు. మెరక వంపు తిరిగి, వాళ్ళిద్దరూ చెట్ల వెనక్కి పోయారు.

ముందు నది రెండు నల్లకొండల మధ్యకు ఇరుకవుతోంది. అక్కడినుంచి నీళ్ళు పాతాళంలోకి దిగుతున్నట్టు చప్పుడు వస్తోంది. పడవవాళ్ళెవరూ ఆ కనుమలోకి పోయి తిరిగి రాలేదు. ఓబులయ్య భుజం ఇక లేవడం లేదు. డెబ్భై ఏళ్ళ చెయ్యి, ఇరవై ఒక్క ఏళ్ళ బాకీ అంతా ఒక్కపూటలో తీర్చేసింది. తిప్పన ఆయన చేతిలోంచి కొట్టుకర్ర మెల్లగా తీసుకుని, ముద్దగా తడిసి మూడోవైపు ముడుచుకున్న స్థిరబుద్ధి ఒళ్ళో పెట్టాడు.

"తమరి పనే, మంత్రిగారూ" అన్నాడు.

జలమంత్రి కర్రను అటూ ఇటూ తిప్పి చూశాడు. పాతికేళ్ళుగా ఆయన ఆ శాఖలో ఉన్నాడు. అది ఎంత బరువుంటుందో తెలియడం ఇదే మొదలు. "ఎంత గట్టిగా కొట్టాలి?" అని అడిగాడు.

"కింది ఊళ్ళో వాళ్ళు అడుగు వేసేదాకా."

స్థిరబుద్ధి ఉంగరం ఉన్న చెయ్యి ఎత్తాడు. భేరి కనుమ నోట్లోకి దూసుకుపోయింది. చీకటి రెండువైపులా మూసుకుంది. ఆ చీకట్లోంచి, నీటిహోరుకు పైన, మొదటి దెబ్బ కాస్త తడబడుతూ, రెండోది తడబడకుండా వినబడ్డాయి.